కడుపునిండా నీళ్ళు

కండక్టరమ్మ రిటైరై చాలా కాలమైంది గానీ, ఆ పేరు మాత్రం రిటైరవలేదు. పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి పసివాడి దాకా వీధిలో అందరికీ ఆవిడ కండక్టరమ్మే. గొంతు కూడా ఎక్కడా తగ్గలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ గొంతు "రైట్ రైట్" అంటే బస్సు కదిలింది, "హోల్డాన్" అంటే ఆగింది. ఇప్పుడు వంటింట్లోంచి ఎవరినైనా పిలిస్తే వీధి చివర ఇస్త్రీ దుకాణం అతను "వస్తున్నానమ్మా" అని పలుకుతాడు, పిలిచింది అతన్ని కాకపోయినా.

అలాంటి గొంతున్న మనిషికి చెప్పుకోవడానికి గొప్ప సంగతి ఒకటి దొరికితే ఇంకేముంది! కూతురు బుజ్జి మునిసిపాలిటీలో ఇంజనీరు. ఇన్నాళ్ళూ ఎవరో గీసిన గీతల మీద కొలతలు వేస్తూ వచ్చిన ఆ పిల్లకి మొట్టమొదటిసారి ఒక ప్రాజెక్టు మొత్తంగా అప్పగించారు. కాగితం మీద మొదటి అక్షరం నుంచి ఆఖరి ఇటుక దాకా బాధ్యత నీదే అన్నారట. పొద్దున్నే ఫోనులో ఆ మాట విన్న కండక్టరమ్మకి కాళ్ళు నేలమీద నిలవలేదు. ప్రాజెక్టు దేని గురించో అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. చెప్పులేసుకుని ఎదురింటికి పరిగెత్తింది.

"వదినా! మా అమ్మాయికి ఊరు మొత్తానికి పనికొచ్చే ప్రాజెక్టు ఇచ్చారు. ప్రజాసేవ!"

"వంతెనా?" అంది ఎదురింటి వదిన, కూరగాయలు తరుగుతూ.

"వంతెనే అయ్యుంటుంది. మా పిల్ల చదివింది ఆ చదువే కదా."

"అయితే దానికి నీ పేరే పెట్టమను. ఎటూ నువ్వు ఉంటే ఎవరూ టికెట్టు లేకుండా దాటలేరు."

వేళాకోళమని తెలిసి కూడా కండక్టరమ్మ మురిసిపోయింది. సాయంత్రానికల్లా వీధి వీధంతా ఆ వంతెన కట్టేసింది, రంగులు కూడా వేసేసింది.

తీరా బుజ్జి ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, టీ గ్లాసు చేతిలోకి తీసుకుని అసలు సంగతి చెప్పింది.

"మరుగుదొడ్లమ్మా. ఆడవాళ్ళకి. బస్టాండులో, మార్కెట్లో, ఎక్కడెక్కడ కావాలో అక్కడ."

"ఏంటీ?"

"మరుగు..."

"చాల్లే, వినబడింది. ముందా కిటికీ మూసెయ్యి."

ఎంత ఆశ, ఎంత సంబరం! అంతా ఒక్క మాటతో నీరుగారిపోయింది. నిజం చెప్పాలంటే కండక్టరమ్మ పిరికిది కాదు. తాగి బస్సెక్కిన వాళ్ళని కాలరు పట్టుకుని దింపింది. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రకారుని చెవులు మెలేసి లోపలికి లాగింది. నోటికి జడిసి డ్రైవర్లు కూడా ఆవిడ చెప్పిన చోటే బ్రేకు వేసేవారు. అలాంటి మనిషి ఈ ఒక్క మాట మాత్రం నలుగురిలో ఏనాడూ పలకలేదు. మరీ తప్పనిసరైతే "ఆ గది" అనేది, అదీ గొంతు తగ్గించి. ఇప్పుడు కన్నకూతురు ఆ గదులకి ఇంజనీరు!

మర్నాడు ఎదురింటి వదిన గుమ్మంలోంచి కేకేసింది. "వంతెన ఎందాకా వచ్చింది వదినా?"

"ఇంకా కాగితం మీదే ఉంది," అంది కండక్టరమ్మ, తలుపు దగ్గరగా వేస్తూ. అబద్ధమేమీ కాదు కదా అని తనకి తనే చెప్పుకుంది.

కాగితం సంగతైతే నిజమే. రోజూ సాయంత్రం బుజ్జి భోజనాల బల్ల మీద తెల్ల కాగితాలు పరుచుకుని కూర్చునేది. రాయడం, కొట్టేయడం, పెన్ను కొరకడం. ఓ రోజు తల్లికి విసుగొచ్చింది.

"పది ఇటుకలు పేర్చి తలుపు పెట్టడానికి ఇంత రాతకోతలేమిటే?"

"ముందు విజనూ, స్కోపూ రాయాలమ్మా. ఆ రెండూ సమావేశంలో పాసైతేనే పని."

"స్కోపంటే సినిమా స్కోపొకటే తెలుసు నాకు."

బుజ్జి నవ్వింది. "విజనంటే లక్ష్యం. చివరికి ఎక్కడికి చేరాలి అన్నది. స్కోపంటే పరిధి. దారిలో ఎక్కడెక్కడ ఆగుతాం, ఎక్కడ ఆగం అన్నది."

"అలా చెప్పు! ఒకటి బోర్డు, ఇంకోటి రూటు."

"అంతే. ఆ బోర్డు దగ్గరే చిక్కుపడ్డాను. మా సూపర్నెంటు గారు ఒకటి రాసిచ్చారు, విను. 'నగర మహిళా పౌరుల ఆవశ్యకతలకు అనుగుణంగా సమగ్ర, సుస్థిర పారిశుద్ధ్య సౌకర్యాల సమకూర్పు ద్వారా జీవన ప్రమాణాల ఉన్నతీకరణ.'"

కండక్టరమ్మ చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది. "ఇది ఏ ఊరికి వెళ్ళే బండే? ఆ బోర్డు చదివేలోపు బస్సు వెళ్ళిపోతుంది. ఒక్కరు కూడా ఎక్కరు."

"అందుకే నిన్నడుగుతున్నా. నువ్వు డ్యూటీలో ఏం చేసేదానివమ్మా? అంత దూరం, అంతసేపు. ఎక్కడికెళ్ళేదానివి?"

"ఛీ! ఏం ప్రశ్నలే ఇవి?"

"నేనే కదమ్మా. ఇంకెవరున్నారిక్కడ?"

కండక్టరమ్మ లేచి వెళ్ళి గ్యాసు కట్టేసింది. అప్పటికే కట్టేసి ఉన్న గ్యాసు అది. అక్కణ్ణుంచే, వెనక్కి తిరక్కుండా, చెప్పింది. "ఎక్కడికెళ్ళడమేముంది. నీళ్ళు తాగేదాన్ని కాదు. తాగితేగా బాధ."

డ్యూటీకి గాజులు వేసుకునేదాన్ని కాదు అన్నంత మామూలుగా చెప్పింది ఆ మాట. చెప్పి వెనక్కి తిరిగి చూసింది. పిల్ల మొహం తెల్లబోయి ఉంది.

"అమ్మా, కిటికీలో రోజూ ఒక నీళ్ళ సీసా ఉండేది. ఆకుపచ్చ మూతది. నువ్వు మర్చిపోయి వెళ్ళేదానివి అనుకునేదాన్ని. ఒకసారి నేను అది పట్టుకుని బస్టాపు దాకా పరిగెత్తుకొచ్చాను. నువ్వు తిట్టావు. ఎవరు తెమ్మన్నారే అని అందరి ముందూ తిట్టావు. నేను ఏడ్చాను కూడా."

"గుర్తుంది," అంది కండక్టరమ్మ.

"అంటే కావాలనే వదిలేసేదానివా?"

"చేతిలో ఉంటే తాగాలనిపిస్తుంది కదే. ఎండలో నాలుక పిడచకట్టుకుపోతుంటే సీసా పక్కనే ఉంచుకుని ఎలా ఊరుకోను? నువ్వు అంత ప్రేమగా తెచ్చావు. నాకూ కడుపు తరుక్కుపోయింది. కానీ ఆ మాట నీకెలా చెప్పను, అంత చిన్నపిల్లవి." కొంగుతో బల్ల తుడవసాగింది, మచ్చేమీ లేకపోయినా.

బుజ్జి కొత్త కాగితం తీసింది. ఈసారి కొట్టివేతలు లేవు. రాసింది చదివి వినిపించింది.

"ఈ ఊళ్ళో ఏ ఆడమనిషైనా, ఇంట్లోంచి బయటికొచ్చాక కూడా, కడుపునిండా నీళ్ళు తాగాలి."

కండక్టరమ్మ ఆ మాటని మనసులో ఒకసారి అనుకుని చూసింది. ఆవిడ ఉద్యోగం మొత్తం ఆ ఒక్క వరసలో ఇమిడిపోయినట్టనిపించింది. పైగా ఎక్కడా ఆ పాడు మాట లేదు! "ఇదీ బోర్డంటే. దూరం నుంచి కూడా కనబడుతోంది," అంది. అని, వెంటనే వేలు చూపించింది. "ఇదుగో, నా సంగతి మాత్రం ఎక్కడా ఎత్తకు. ఆఫీసులోనూ, మీటింగులోనూ, ఎక్కడా. నా మీద ఒట్టు."

"ఎత్తనమ్మా."

పరిధి రాయడం మొదలయ్యాక మాత్రం కండక్టరమ్మని ఆపడం బుజ్జి వల్ల కాలేదు. ఆ గది బస్టాండులో వెనకవైపు కాదు, ముందువైపే ఉండాలంది, వెలుతురు పడే చోట. ఆఖరి బస్సు వెళ్ళేదాకా తెరిచుండాలంది. తాళం వేసిన గది ఉంటే ఒకటే, లేకపోతే ఒకటే అంది. లోపల గడియ పడాలి, బల్బు వెలగాలి, కుళాయిలో నీళ్ళు రావాలి. అన్నిటికంటే ముఖ్యం, గోడకి గట్టి మేకు ఉండాలి. "చేతిలో డబ్బుల సంచి, టికెట్ల పెట్టె. ఎక్కడ పెట్టమంటావు? నేలమీదా? నెత్తిమీదా?" బుజ్జి అన్నీ రాసుకుంది. మార్కెట్టు, కోర్టు, పెద్దాసుపత్రి, బట్టల కొట్ల వీధి, డిపో, ఒక్కటీ వదల్లేదు. చివర పరిధిలో లేనివి, అంటే కట్టనివి, కూడా రాసింది: ఆర్చి, ఫౌంటెను, శిలాఫలకం.

ఆ కాగితం ఆఫీసుకి చేరాక ఒక విచిత్రం జరిగింది. సమావేశానికి అంశాలు వరస పెట్టే గుమాస్తా పనిమంతుడే, కాకపోతే ఏ కాగితమైనా మొదటి వరస చదివి ఊరుకుంటాడు. ఆఫీసుల్లో రెండో వరస దాకా వెళ్ళే ఓపిక ఎవరికుంది గనక! మొదటి వరసలో నీళ్ళు తాగాలి అని ఉంది. ఆయన దాన్ని తీసుకెళ్ళి భేషుగ్గా తాగునీటి అంశాల్లో, పైపులకీ కుళాయిలకీ మధ్యన, పెట్టేశాడు. ఆ సంగతి బుజ్జికి తెలిసేసరికి సమావేశం రోజు రానే వచ్చింది.

కండక్టరమ్మకి అసలే తెలీదు. ఆవిడ గొడవ ఇంకోటి. కూతురు మైకులో మాట్లాడుతుందట. పెద్దవాళ్ళ ముందు నిలబడి మాట్లాడుతుందట. అది చూడకుండా ఇంట్లో కూర్చోవడం ఏ తల్లి వల్లవుతుంది? బుజ్జికి చెబితే వద్దంటుందని చెప్పలేదు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ఒంటరిగా వెళ్ళడానికి మొహమాటపడి ఎదురింటి వదినని కూడా లాక్కెళ్ళింది. సమావేశంలో వంతెన సంగతి వస్తుందేమోనని వదిన హుషారుగా బయల్దేరింది. ప్రాజెక్టు పేరు తర్వాత చూసుకోవచ్చు, ముందు పిల్లని చూద్దాం అనుకుంది కండక్టరమ్మ.

హాలు పెద్దది. ముందు సభ్యుల బల్లలు, మధ్యలో ఎత్తుగా చైర్మన్ కుర్చీ, వెనక జనానికి బెంచీలు. ప్రతి సభ్యుడి ముందూ ఒక మైకు, ఒక నీళ్ళ సీసా. బస్సెక్కగానే మొహాలు చూసి టికెట్టు లేనివాణ్ణి పట్టేసే కన్ను ఆవిడది. ఆ కన్ను ఊరుకుంటుందా? మగ సభ్యుల సీసాలు సగానికి దిగిపోయాయి, కొన్ని ఖాళీ అయ్యాయి కూడా. ఆడ సభ్యుల సీసాలకి మాత్రం మూత చుట్టూ సీలు కూడా ఊడలేదు. చూసింది, చూసి ఊరుకుంది.

చైర్మన్ గారు ఒక్కో అంశం చదువుతూ చకచకా దాటిస్తున్నారు. పైపుల అంశం అయిపోయింది. తర్వాత కాగితం తీసి కళ్ళజోడు సవరించుకున్నారు. "ఈ ఊళ్ళో ఏ ఆడమనిషైనా, ఇంట్లోంచి బయటికొచ్చాక కూడా, కడుపునిండా నీళ్ళు తాగాలి." ఆగి చుట్టూ చూశారు. "తాగొద్దని ఎవరన్నారయ్యా? ఊరంతా కుళాయిలు ఇచ్చాం. మనమేమైనా గ్లాసు లాక్కున్నామా?"

హాలు గొల్లుమంది.

"ఇదేంటి వదినా," అని గుసగుసలాడింది ఎదురింటి వదిన, "వంతెన కింద పారే నీళ్ళ గురించా?"

కండక్టరమ్మ ముందు బెంచీ అంచు పట్టుకుంది. ఆ వాక్యం తనది. తను మెచ్చుకున్న బోర్డది. అది చూసి ఇంతమంది నవ్వుతున్నారు, వాళ్ళ ఎదురుగా తన పిల్ల ఒక్కతే నిలబడి ఉంది.

బుజ్జి మైకు దగ్గరికి వచ్చింది. "సార్, ఇది కుళాయిల ప్రాజెక్టు కాదు. ఆడవాళ్ళ మరుగుదొడ్ల ప్రాజెక్టు. పొరపాటున తాగునీటిలో చేరింది."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఎప్పుడూ ఫ్యాను చూడనట్టు అందరూ తలెత్తి పైకి చూడసాగారు. ఎదురింటి వదిన మెల్లిగా, చాలా మెల్లిగా, తల తిప్పి కండక్టరమ్మ మొహంలోకి చూసింది. "వంతెన!" అంది.

చైర్మన్ గారు చెడ్డవారేం కాదు. ఊరికి మంచి చెయ్యాలని ఆయనకీ ఉంది, చేసింది నలుగురికీ కనబడాలని ఇంకాస్త ఎక్కువ ఉంది. కాగితం రెండో వరస, మూడో వరస చదివారు. పరిధిలో లేనివాటి దగ్గరికి వచ్చి, శిలాఫలకం అన్న మాట చూసి కాస్త నొచ్చుకున్నారు.

"చూడమ్మా, నీ ఉద్దేశం మంచిదే. ఒక పని చేద్దాం. మెయిన్ రోడ్డు కూడలిలో ఒకటి కడదాం. అద్దంలా మెరిసిపోవాలి. ఆర్చి పెడదాం. మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు. పరిధి కాస్త కుదించు, చాలు."

"పరిధి కుదిస్తే లక్ష్యం అబద్ధమైపోతుంది సార్," అంది బుజ్జి. "ఒక్క కూడలిలో కడితే, ఆ కూడలిలో నిలబడ్డంతసేపే నీళ్ళు తాగాలి. అక్కణ్ణుంచి కదిలితే మళ్ళీ మామూలే. అలాగైతే మొదటి వరస కొట్టేయండి. నేను అబద్ధం రాయలేను."

మాట ఎక్కడా తడబడలేదు. బెంచీ మీద కండక్టరమ్మ నిటారుగా కూర్చుంది. నా పిల్ల, అనుకుంది. ఎంతమందిలో ఎంత మాటంది!

"అసలు ఆడవాళ్ళు బయట నీళ్ళు తాగడం లేదని నీకెవరు చెప్పారు?" అన్నారు చైర్మన్ గారు. "ఎవరైనా ఫిర్యాదు చేశారా? ఏమండీ సూపర్నెంటు గారూ?"

"అదీ... ఆ విషయమై... అంటే, ప్రత్యేకించి..." అంటూ సూపర్నెంటు గారు నీళ్ళు నమిలారు. మగవాళ్ళకి ఆ పూట హాల్లో నీళ్ళకి లోటేమీ లేదు.

"ఒక్క పేరు చెప్పమ్మా. ఊళ్ళో ఇంతమంది ఆడవాళ్ళున్నారు, ఇబ్బంది పడిన ఒక్కరిని చూపించు. చూపిస్తే నువ్వు రాసింది రాసినట్టు ఇప్పుడే పాస్ చేయిస్తాను. ఒక్క పేరు."

హాలంతా బుజ్జి వైపు చూసింది. బుజ్జి పెదవులు విడివడ్డాయి. ఒక్క మాట, ఆ ఒక్క మాట అంటే ప్రాజెక్టు గట్టెక్కుతుంది. ఆ పేరు బుజ్జి నాలుక చివర ఉంది. పెదవులు మళ్ళీ మూసుకున్నాయి.

"చెప్పలేను సార్. మాటిచ్చాను."

"అయితే నేనేం చెయ్యను? తర్వాతి అంశం..."

కండక్టరమ్మకి ఆ క్షణంలో ఆకుపచ్చ మూత సీసా పట్టుకుని బస్టాపులో ఏడుస్తున్న చిన్నపిల్ల కనబడింది. అప్పుడు నోరు మూయించింది తనే. ఇప్పుడూ నోరు మూయించింది తనే. ఆ పిల్ల రెండుసార్లూ ఎదురు చెప్పలేదు.

"హోల్డాన్!"

ఆ హాల్లో మైకులు ఎందుకు పెట్టారో ఆ గొంతు విన్నాక ఎవరికీ అర్థం కాలేదు. చైర్మన్ గారి చేతిలో కాగితం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. గుమ్మం దగ్గర టీ కప్పులు తెస్తున్నతను ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి నిలబడిపోయాడు.

కండక్టరమ్మ లేచి, బెంచీల మధ్య దారిలో, కదిలే బస్సులో నడిచినట్టే కాళ్ళు ఎడంగా వేస్తూ ముందుకొచ్చింది.

"పేరు కావాలన్నారుగా. రాసుకోండి. నేను. ఈ ఊరి బస్సుల్లో టికెట్లు కొట్టినదాన్ని. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మందికి చిల్లర నేనే ఇచ్చుంటాను. డ్యూటీ ఎక్కానంటే దిగేదాకా గొంతు తడుపుకునేదాన్ని కాదు. ఎందుకో చెప్పనా? మగవాళ్ళకి ఊళ్ళో ప్రతి గోడా పనికొస్తుంది. మాకు గోడ లేదు, గది లేదు. మంట పుట్టి, జ్వరమొచ్చి ఆసుపత్రి పాలయ్యాను. డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంది. తాగి ఎక్కడికెళ్ళాలో మందుచీటీలో రాయలేదు!" ఊపిరి తీసుకుంది. ఇంకొక్క మాట మిగిలింది. ఉద్యోగమంతా దాచుకున్న మాట. "మరుగుదొడ్డి! ఇదిగో, అన్నాను. ఏమైంది? పైకప్పు కూలిందా?"

కూలలేదు. ఆవిడే ఒకసారి తలెత్తి చూసి నిర్ధారించుకుంది.

"ఫిర్యాదు ఎవరూ ఇవ్వలేదంటారా? ఎలా ఇస్తాం? నోరు విప్పి అనలేని మాటని కాగితం మీద పెట్టి మగ గుమాస్తా చేతికి ఎలా ఇస్తాం? ఫిర్యాదులు మీ కళ్ళ ముందే ఉన్నాయి, చూసుకోండి. మీ సీసాలు చూడండి. ఈ అమ్మల సీసాలు చూడండి."

చైర్మన్ గారు చూశారు. సభ్యులందరూ తమ బల్లలు చూసుకున్నారు, పక్కవాళ్ళ బల్లలు చూశారు. సీలు ఊడని సీసాలన్నీ ఆడవాళ్ళ ముందే ఉన్నాయి. ఆ అమాయకపు సీసాలు పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాయి, వాటిని చూసినవాడు లేడు.

"మీరెవరమ్మా?" అన్నారు చైర్మన్ గారు, గొంతు బాగా తగ్గించి.

కండక్టరమ్మ తడబడింది. తల్లినని చెబితే పిల్ల కావాలనే తెచ్చిందంటారేమో, మాట పడుతుందేమో. "నేను... ఈ ఊరిదాన్నే, ఊరికే..."

"మా అమ్మ సార్!"

బుజ్జి మైకులోనే అంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "మా అమ్మ. కండక్టరు. ఆ మొదటి వరస రాయించింది ఆవిడే."

వీధి వీధంతా తిరిగి మా అమ్మాయి, మా అమ్మాయి అని చెప్పుకున్న మనిషికి, తనని అలా ఎవరైనా చెప్పుకుంటారని తెలీదు. మొహం ఎర్రబడిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, భుజానికి లేని డబ్బుల సంచిని సర్దుకుంది.

ముందు వరసలో ఒక సభ్యురాలు తన సీసా చేతిలోకి తీసుకుని లేచింది. "చైర్మన్ గారూ, నాదీ రాసుకోండి ఆ ఫిర్యాదు." పక్కావిడ చెయ్యెత్తింది. ఆ పక్కావిడా ఎత్తింది. వెనక బెంచీల్లోంచి ఎదురింటి వదిన గొంతు వినబడింది. "నాదీ! కోర్టు పని ఉందంటే ముందురోజు నుంచే గొంతు ఎండగట్టుకుంటాను!"

ఆ సభ్యురాలు తన సీసాని కండక్టరమ్మకి అందించింది. "గొంతు ఎండిపోయుంటుంది, తాగమ్మా."

కండక్టరమ్మ సీలు తిప్పి తీసింది. తలెత్తి, కళ్ళు మూసుకుని, గటగటా మొత్తం తాగేసింది. ఖాళీ సీసా చైర్మన్ గారి బల్ల మీద పెట్టి మూతి తుడుచుకుంది.

"ఇప్పుడు చెప్పండి. ఎటెళ్ళాలి?"

చైర్మన్ గారు సూపర్నెంటు వైపు చూశారు. సూపర్నెంటు గారు అటెండరు వైపు చూశారు. అటెండరు నేల చూపులు చూశాడు. "లేడీస్ గది ఉందండీ. సామాన్లు పెట్టి తాళం వేశామండీ. తాళంచెవి స్టోర్ కీపరు జేబులో ఉందండీ. ఆయన భోజనానికి ఇంటికెళ్ళాడండీ."

ఇక చూడండి ఆ హడావిడి! చైర్మన్ గారే స్వయంగా ఫోను చేశారు. ఒకరు స్కూటరు మీద పరిగెత్తారు. చైర్మన్ గారికి ముచ్చెమటలు పోశాయి. తాళంచెవి వచ్చేలోపు ఏం చెయ్యాలో తోచక ఓటింగు పెట్టారు. కండక్టరమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఎత్తిన ప్రతి చేతినీ చూస్తూ ఉంటే ఎత్తకుండా ఎవరుంటారు? రాసింది రాసినట్టు పాసైంది. ఆర్చి లేకుండా.

తలుపు తెరిచేసరికి విరిగిన కుర్చీలు, పాత బ్యానర్లు, ఎప్పటిదో ఒక చెక్క ఆర్చి ముక్క బయటపడ్డాయి. దానిమీద పెద్ద అక్షరాలతో స్వాగతం అని ఉంది. కండక్టరమ్మ దాన్ని మోచేత్తో పక్కకి నెట్టి లోపలికి వెళ్ళింది.

"పరిధిలో మొట్టమొదటి చోటు ఈ హాలే రాయమ్మా," అన్నారు చైర్మన్ గారు బుజ్జితో, ఇంకెటో చూస్తూ.

సాయంత్రం ముగ్గురూ బస్సులో ఇంటికి బయల్దేరారు. ఎక్కినప్పటినుంచీ కండక్టరమ్మ నోరు ఆగలేదు. వదినకి చెప్పడానికి బస్సంతా వినబడక్కర్లేదు కదా, అయినా వినబడింది. "మా అమ్మాయి ఊరంతా మరుగుదొడ్లు కట్టిస్తోంది! పేరుకేం, వంతెనలు ఎవరైనా కడతారు!"

"ఆ మాట నాలుగు వారాలుగా నా దగ్గర ఎందుకు దాచావో?" అంది వదిన.

టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు చిన్నపిల్ల. బుజ్జి కంటే చిన్నదే. నుదుటికి జుట్టు అతుక్కుపోయింది, పెదవులు తెల్లగా ఎండిపోయాయి. కండక్టరమ్మ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి చాపింది. "కాస్త తాగు తల్లీ."

ఆ పిల్ల సీసా వైపు ఒక్క క్షణం చూసింది. తల అడ్డంగా ఊపింది. "వద్దండీ. దాహం లేదు."

కండక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ అబద్ధం ఆవిడకి కొత్త కాదు. ఆ మాటే, ఆ స్వరంలోనే, తనెన్నిసార్లు చెప్పిందో! సీసా వెనక్కి తీసుకుంది, బలవంతపెట్టలేదు.

"మీ బండి ఎక్కడెక్కడ ఆగుతుందమ్మా?" అని అడిగింది.

అలవాటైన పాటలా ఆ పిల్ల గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. "బస్టాండు, మార్కెట్టు, కోర్టు, పెద్దాసుపత్రి, బట్టల కొట్లు, డిపో."

కండక్టరమ్మ కూతురి వైపు తిరిగింది. "ఏమే బుజ్జీ, అన్నీ ఉన్నాయా మన పరిధిలో?"

"ఉన్నాయమ్మా. డిపోతో సహా."

"మేకు?"

"మేకు కూడా ఉంది."

కండక్టరమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఇంకొన్నాళ్ళు ఓర్చుకో తల్లీ. ఇది మా అమ్మాయి. నువ్వు కడుపునిండా నీళ్ళు తాగే ఏర్పాటు చేస్తోంది." ఆ పిల్లకి సగమే అర్థమైంది, అయినా ఆ చెయ్యి వదిలించుకోలేదు.

స్టాపులో ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. బస్సు కదలడం లేదు. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు. కండక్టరమ్మ గొంతు సవరించుకుంది.

"రైట్ రైట్!"

డ్రైవరు ఉలిక్కిపడి గేరు వేశాడు. బస్సు కదిలింది.